హైదరాబాద్ నుంచి లేహ్‌కు విమానంలో సైకిల్: పెట్టె ఎలా కట్టాలి?

నల్లగండ్ల బాటసారి
ఆదివారం, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో మేము ముగ్గురం లేహ్ చేరుకొని, అక్కడి నుంచి ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ దాకా సైకిళ్ల మీద వెళ్లాలని నిశ్చయించుకున్నాము. శంషాబాద్‌లో విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, లేహ్‌లో దిగుతాము. నాది 29 అంగుళాల చక్రాల మౌంటెన్ బైక్. ముందు సస్పెన్షన్ ఫోర్కు, ముందూ వెనకా హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. ఇంతవరకు దానిని కారు వెనక స్టాండుకు కట్టి అనంతగిరి, శ్రీశైలం దాకా తీసుకెళ్లానే తప్ప ఎన్నడూ విమానంలో వేయలేదు. అట్టపెట్టె మంచిదా, బ్యాగు కొనడం మంచిదా? టైర్లలో గాలి పూర్తిగా తీసివేయాలా? ఏయే భాగాలు విప్పాలి, ఏవి ముట్టుకోకూడదు? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరని ప్రార్థన.

తార్నాక చక్రధారి
ఆదివారం, రాత్రి 10:15

ఏడుసార్లు విమానంలో సైకిల్ తీసుకెళ్లాను. అందులో ఒక్కసారి దెబ్బ తగిలింది. ఆ ఒక్కసారి నేర్చుకున్నదే మిగతా అన్నిటికన్నా ఎక్కువ కనుక ముందు అది చెబుతాను.

అప్పట్లో నేను పెట్టె మీద నాలుగు వైపులా బాణం గుర్తులు గీసి, "ఇటు పైకి" అని పెద్ద అక్షరాలతో రాసి, సైకిల్ నిలబడే ఉంటుందన్న నమ్మకంతో కట్టాను. దిగిన తరువాత పెట్టె తెరిచి చూస్తే ముందు ఫోర్కు కాళ్లు రెండూ దగ్గరికి వచ్చి ఉన్నాయి, చక్రం వాటి మధ్య పట్టలేదు. పెట్టెను పడుకోబెట్టి, దాని మీద బరువైన సామాను పెట్టి ఉంటారు. దానికి ఎవరినీ తప్పుపట్టి ప్రయోజనం లేదు. విమానం పొట్టలో చోటు ఎలా దొరికితే అలా సర్దుతారు. అందుకే మన పెట్టె పక్కకు పడుకుంటుందని, దాని మీద ముప్ఫై కిలోల సూట్‌కేసు కూర్చుంటుందని ముందే అనుకొని కట్టాలి. పై నుంచి వచ్చే దెబ్బ కన్నా పక్క నుంచి వచ్చే ఒత్తిడే సైకిల్‌ను పాడు చేస్తుంది.

ఇక పద్ధతి. ముందు చక్రం తీసిన వెంటనే ఫోర్కు కాళ్ల మధ్య, ఇరుసు ఉండే చోట, ప్లాస్టిక్ అడ్డు బిగించాలి. కొత్త సైకిళ్లు దుకాణానికి వచ్చేటప్పుడు ఆ అడ్డులు వాటితోనే వస్తాయి, బిగింపు అయ్యాక చెత్తలోకి పోతాయి. దుకాణంలో అడిగితే సంతోషంగా ఇస్తారు. అట్టపెట్టె కూడా అక్కడే అడగండి. మీ చక్రం 29 అంగుళాలది కనుక ఆ కొలత సైకిల్ వచ్చిన పెట్టెనే అడిగి తీసుకోండి.

వెనక గేరు మార్చే డిరైలర్ రెండో మర్మస్థానం. అది ఫ్రేముకు నేరుగా ఉండదు, హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్కకు వేలాడుతుంది. దెబ్బ తగిలితే ఫ్రేము వంగకుండా తానే వంగిపోవాలని ఆ ముక్కను మెత్తగా చేస్తారు. అంటే పెట్టె కుడివైపు పడితే అదే మొదట వంగుతుంది. 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డిరైలర్‌ను విప్పి, కేబుల్ తీయకుండానే పాత టవల్ ముక్కలో చుట్టి, వెనక త్రికోణం లోపలికి జిప్ టైతో కట్టేయండి. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఇంకొకటి జేబులో ఉండాలి, ఎందుకంటే ప్రతి కంపెనీది ఒక్కో ఆకారంలో ఉంటుంది, లేహ్ బజారులో మీది దొరుకుతుందన్న భరోసా లేదు.

మూడోది బ్రేకులు. చక్రం తీసిన హైడ్రాలిక్ బ్రేకు లివర్ పొరపాటున ఒక్కసారి నొక్కుకుపోయినా ప్యాడ్లు రెండూ కలుసుకుంటాయి, మళ్లీ డిస్క్ వాటి మధ్య దూరదు. ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి, లేకపోతే మందపాటి అట్టను నాలుగు మడతలు వేసి దూర్చినా చాలు. డిస్కులను మాత్రం చక్రాల నుంచి విప్పేయండి. నక్షత్రం ఆకారపు మొన ఉండే టీ25 కీతో ఆరు స్క్రూలు తీయడానికి పది నిమిషాలు పడుతుంది, వంగిన డిస్కును సరిచేయడానికి ఒక పూట పడుతుంది.

పెడళ్ల దగ్గర చాలామంది తడబడతారు. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. 15 నంబరు పానాను పెడల్ మీద నిలువుగా పెట్టి, సైకిల్ వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి, బిగించడానికి ముందు చక్రం వైపు నెట్టాలి. ఇదొక్కటి గుర్తుంచుకుంటే కుడి ఎడమల గొడవ ఉండదు. హ్యాండిల్ కోసం స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి పట్టి ఉంచే ముక్క) ముందున్న నాలుగు మరలు తీసి, హ్యాండిల్‌ను పై గొట్టం పక్కన సమాంతరంగా కట్టండి. స్టెమ్‌ను మాత్రం ఫోర్కు గొట్టం నుంచి పీకవద్దు. పీకితే ఫోర్కు కిందికి జారుతుంది, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగులు ఎక్కడ పడ్డాయో వెతుక్కోవలసి వస్తుంది. సీటు దింపే ముందు గొట్టం మీద ఎలక్ట్రికల్ టేపుతో గుర్తు పెట్టుకోండి.

ఫ్రేము గొట్టాలకు తొడుగు కావాలి కదా. బబుల్ ర్యాప్ కన్నా ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఇన్సులేషన్ చాలా నయం. రాణిగంజ్‌లో ఏ ఏసీ విడిభాగాల దుకాణంలోనైనా మీటర్ల లెక్కన ఇస్తారు. పొడవునా కత్తితో చీల్చి గొట్టం మీదికి తొడిగితే దానంతట అదే పట్టుకుంటుంది, తిరుగు ప్రయాణంలోనూ పనికివస్తుంది.

చివరిగా నేను కనిపెట్టినది కాకపోయినా ప్రాణంగా నమ్మే ఉపాయం ఒకటి. ఒక అంగుళం పీవీసీ పైపును పెట్టె లోపలి వెడల్పుకు సరిగ్గా సరిపోయేలా నాలుగైదు ముక్కలు కోయించి, ఫ్రేము ఖాళీల గుండా రెండు పక్క గోడలకూ ఆనేలా అడ్డంగా నిలబెట్టండి. రెండు వైపులా టేపుతో పట్టించండి. అప్పుడు పెట్టె మీద పడే బరువును సైకిల్ మోయదు, ఆ పైపులు మోస్తాయి. మొత్తం ఖర్చు వంద రూపాయలు దాటదు.

కొంపల్లి కొత్త సవారీ
సోమవారం, ఉదయం 7:05

చక్రధారి గారికి ధన్యవాదాలు, చాలా విలువైన సమాచారం. నాది ఎలక్ట్రిక్ సైకిల్. బ్యాటరీ విప్పి చేతి సామానులో పెట్టుకుంటే అనుమతిస్తారా?

బేగంపేట తూకం
సోమవారం, ఉదయం 8:30

అనుమతించరండీ. లిథియం బ్యాటరీలకు కొలమానం వాట్ అవర్లు. 100 వరకు మామూలుగా క్యాబిన్‌లోకి రానిస్తారు, 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానుగా ఏ రూపంలోనూ ఒప్పుకోరు. మీ బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అనుకున్నా హెచ్చవేస్తే 360 అవుతుంది. బ్యాటరీ ఇంట్లో ఉంచి సైకిల్ మాత్రమే తీసుకెళ్లడం ఒక్కటే దారి. మిగతావారు కూడా పవర్ బ్యాంకును, సైకిల్ లైట్ల కోసం తెచ్చుకునే విడి బ్యాటరీలను పెట్టెలో పెట్టకుండా చేతి సంచిలో ఉంచుకోవాలి. ఎక్స్‌రేలో అది కనిపిస్తే ఎంతో శ్రద్ధగా కట్టిన పెట్టెను మళ్లీ విప్పవలసి వస్తుంది.

మల్కాజిగిరి మిత్రుడు
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. టైర్లలో గాలి మొత్తం తీసివేయాలి. పైకి వెళ్లిన కొద్దీ బయటి పీడనం తగ్గి ట్యూబు పగిలిపోతుంది. విమాన సంస్థలు కూడా గాలి తీయమనే చెబుతాయి. ఈ విషయంలో సాహసం చేయవద్దు.

తార్నాక చక్రధారి
సోమవారం, రాత్రి 9:50

మిత్రుడి గారి ఆందోళన అర్థమైంది. ఇది చాలామంది మనసులో ఉన్న భయమే కనుక లెక్క వేసి చూద్దాము. ప్రయాణికుల విమానంలో సామాను అరలోనూ క్యాబిన్‌లో ఉన్న పీడనమే ఉంటుంది. అది సాధారణంగా సముద్ర మట్టానికి 2,400 మీటర్ల ఎత్తున ఉండే గాలి పీడనం కన్నా తగ్గదు. నేల మీది పీడనంలో అది ముప్పాతిక వంతు. అంటే టైరు లోపలికీ బయటికీ ఉన్న తేడా మూడు, నాలుగు పీఎస్‌ఐ (టైరు గాలి పీడనానికి కొలమానం) మేరకు మాత్రమే పెరుగుతుంది. 40 పీఎస్‌ఐ కొట్టిన మౌంటెన్ బైక్ టైరు 44 దగ్గర నిలుస్తుంది. దానితో ఏ టైరూ పగలదు.

అన్నిటికన్నా పెద్ద రుజువు లేహ్ దగ్గరే ఉంది. లేహ్ విమానాశ్రయం ఎత్తు 3,256 మీటర్లు. అంటే దారి పొడవునా విమానంలో మన టైరు అనుభవించిన దానికన్నా, లేహ్‌లో విమానం తలుపు తెరిచాక అనుభవించే మార్పే ఎక్కువ. ఆ తరువాత అదే టైరును గాలి నింపుకొని ఖర్దుంగ్ లా పైకి ఎక్కిస్తాము. అక్కడ పాత బోర్డు మీద 5,602 మీటర్లని ఉండేది కానీ, ఆధునిక కొలతల ప్రకారం ఆ కనుమ 5,359 మీటర్ల ఎత్తులో ఉంది. ఎంతోమంది ఏ ప్రమాదమూ లేకుండా అక్కడికి సైకిల్ తొక్కుతూనే ఉన్నారు.

అయినా కౌంటరులో గాలి తీయమని అడుగుతారు, అక్కడ వాదన పెట్టుకోవడం మంచిది కాదు. నేను ఇరవై పీఎస్‌ఐ దాకా ఉంచి మిగతాది తీస్తాను, నొక్కి చూపిస్తే మెత్తగా ఉందని ఒప్పుకుంటారు. పూర్తిగా తీస్తే రెండు నష్టాలు ఉన్నాయి. పెట్టె కింద పడినప్పుడు రిమ్ముకు గాలి అనే పరుపు ఉండదు. ట్యూబ్‌లెస్ టైరైతే రిమ్ము అంచు వదిలేసి రంధ్రాలు పూడ్చడానికి లోపల పోసే సీలెంటు పాలలా కారుతుంది. దానిని మళ్లీ చేతి పంపుతో అంచుకు ఎక్కించడం, అందునా ఊపిరి అందని చోట, ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుస్తుంది.

మల్కాజిగిరి మిత్రుడు
సోమవారం, రాత్రి 10:30

లేహ్ ఎత్తుతో పోల్చి చెప్పడం వల్ల స్పష్టమైంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బేగంపేట తూకం
మంగళవారం, ఉదయం 9:10

నేను కొన్నేళ్లు సరుకు రవాణా విభాగంలో పనిచేశాను కనుక బరువు, కొలతల సంగతి రాస్తాను. దేశంలోపల ఎకానమీ టికెట్టుకు సాధారణంగా 15 కిలోలే ఉచితం. మామూలు సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్న లెక్క ఉంటుంది. మన అట్టపెట్టె దాదాపు 140, 80, 20 ఉంటుంది, అంటే మొత్తం 240. కాబట్టి బరువు సరిపోయినా అది పెద్ద సామాను కిందే లెక్క. కొన్ని సంస్థలు దీనికి ఒకే రుసుము తీసుకుంటాయి, కొన్ని అదనపు కిలోల లెక్కన తీసుకుంటాయి. టికెట్టు కొనేముందు ఫోను చేసి, సైకిల్ అని పేరు చెప్పి, అది టికెట్టులో నమోదయ్యేలా చూసుకోండి. ఆ నమోదు కాగితం రూపంలో చేతిలో ఉంటే కౌంటరులో మాట తేలికవుతుంది.

బ్యాగు, గట్టి పెట్టె సంగతి ఇక్కడే వస్తుంది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలు ఖాళీగానే పది కిలోల పైన తూగుతాయి, అంటే సైకిల్ లోపల పెట్టకముందే మీ ఉచిత బరువులో మూడింట రెండు వంతులు పోయినట్టే. అట్టపెట్టె మూడు, నాలుగు కిలోలు దాటదు. ఏటా నాలుగైదుసార్లు ఎగిరేవారికి తప్ప నేను అట్టపెట్టెనే సూచిస్తాను. మరొక మాట, బరువైన పనిముట్లూ బట్టలూ అన్నీ అందులోనే కుక్కవద్దు. ఒక్క మూట 32 కిలోలు దాటితే ఎంత డబ్బు కట్టినా సాధారణంగా తీసుకోరు.

"విమానంలో కాకుండా కొరియర్‌లో పంపితే చవక కాదా" అని చాలామంది అడుగుతారు. విమాన కొరియర్‌లో తూకం కాటా మీద జరగదు, కొలబద్ద మీద జరుగుతుంది. 140ని 80తో, 20తో హెచ్చవేసి 5000తో భాగిస్తే 44.8 కిలోలు వస్తుంది. పదహారు కిలోల పెట్టెకు నలభై ఐదు కిలోల డబ్బు కట్టాలి. విమాన కార్గోలో 6000తో భాగిస్తారు కనుక 37 పైచిలుకు వస్తుంది, అయినా తక్కువేమీ కాదు.

ఢిల్లీలో మారేటప్పుడు రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. వేర్వేరు టికెట్లైతే అక్కడ పెట్టెను తీసుకొని మళ్లీ మొదటి నుంచి కౌంటరులో నిలబడాలి, రుసుము కూడా మళ్లీ కట్టాలి.

అత్తాపూర్ ఆనందం
మంగళవారం, సాయంత్రం 6:45

శంషాబాద్ చేరుకోవడం గురించి ఒక మాట. 140 సెంటీమీటర్ల పెట్టె మామూలు క్యాబ్ డిక్కీలో పట్టదు. వెనక సీట్లు మడిచే పెద్ద బండి కావాలి. మీరు ముగ్గురు కనుక మూడు పెట్టెలకూ కలిపి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని, ఒకరు దానిలో, మిగతా ఇద్దరు కారులో వెళ్లడం ఉత్తమం. నేను ఒకసారి విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సులో తీసుకెళ్లాను, రద్దీ లేని తెల్లవారుజామున కనుక డ్రైవరు గారు దయతో ఒప్పుకున్నారు, కానీ దాని మీద ఆధారపడవద్దు. కౌంటరు పని అయ్యాక పెట్టెను మామూలు బెల్టు మీద వేయరు, పెద్ద సామాను ఎక్స్‌రే దగ్గరికి మనమే తోసుకెళ్లాలి. విప్పమంటే విప్పి మళ్లీ అతికించడానికి ఒక బ్రౌన్ టేపు చుట్ట చేతిలో ఉంచుకోండి, కత్తెర మాత్రం తీసుకెళ్లలేము కనుక చేత్తో చింపగలిగే టేపు కొనండి. మూడు గంటల ముందు చేరుకోండి.

తార్నాక చక్రధారి
మంగళవారం, రాత్రి 8:20

పంక్చరు సామాను గురించి మరిచాను. మనం చిన్నప్పటి నుంచి వాడే రబ్బరు సొల్యూషన్ ట్యూబు మండే స్వభావం గలది కనుక విమానంలో నిషేధం. చైనుకు కొట్టే స్ప్రే డబ్బాలు కూడా అంతే. గమ్ము అవసరం లేని అతుకు బిళ్లలు, చుక్కలుగా వేసే చైను నూనె చిన్న సీసా తీసుకెళ్లండి. ఒక్క బిగింపుతో టైరు నింపే గ్యాసు గుళికలకు విమాన సంస్థ అనుమతి కావాలి, వాటి బదులు మంచి చేతి పంపు పెట్టుకుంటే మనశ్శాంతి.

నార్సింగి నడిరాత్రి
బుధవారం, ఉదయం 6:10

నేను బ్రెవేలు, అంటే గడువులోగా ముగించవలసిన సుదూర సైకిల్ సవారీలు, చేస్తాను. ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ దారి మీద సాధన చేసే మా బృందంలో కొందరు 2027 పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు సిద్ధమవుతున్నారు. 1,200 కిలోమీటర్లను 90 గంటల్లో ముగించవలసిన సవారీ అది, నాలుగేళ్లకు ఒకసారి జరుగుతుంది. విదేశాలకు వెళ్లేవారికి అదనంగా రెండు జాగ్రత్తలు చెబుతాను.

ఖరీదైన సైకిల్‌ను తీసుకెళ్లేటప్పుడు, పెట్టెను అప్పగించక ముందే శంషాబాద్ కస్టమ్స్ అధికారుల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. అది ఉంటే తిరిగి వచ్చినప్పుడు సైకిల్ అక్కడ కొన్నదా, ఇక్కడి నుంచి తీసుకెళ్లిందా అన్న ప్రశ్న రాదు. పెడళ్లు తిరిగే ఇరుసు కింద, ఫ్రేము అడుగున చెక్కి ఉండే వరుస సంఖ్యను ఫోటో తీసుకొని కొనుగోలు రశీదుతో జతచేసి ఉంచుకోండి, లేకపోతే ఆ సంఖ్య చూపడానికి కట్టిన పెట్టెను విప్పాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవారు టైర్లను, ఫ్రేమును మట్టి కణం లేకుండా కడగాలి. అక్కడ మట్టిని సరిహద్దులోనే తనిఖీ చేస్తారు.

రెండోది నష్టపరిహారం. కౌంటరులో ఒక ట్యాగు మీద సంతకం అడుగుతారు. అది చాలావరకు "దెబ్బతింటే మా బాధ్యత పరిమితం" అన్న ఒప్పుకోలు. సంతకం పెట్టే ముందు చదవండి, పెట్టెను మూయకముందు లోపల అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. దిగాక పెట్టె చిరిగి కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లి చూద్దామనుకోకుండా అక్కడే తెరిచి చూసి, సామాను కౌంటరులో ఫిర్యాదు నమోదు చేయించి దాని నకలు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణంలో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, దెబ్బతిన్న సామానుకు చేతికి అందిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కొక్కరికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల ప్రమాణం). అంతకు మించిన విలువ గల సైకిల్ అయితే కౌంటరులోనే అధిక విలువ ప్రకటించి, అడిగిన అదనపు రుసుము కట్టాలి, లేదా విడిగా బీమా చేయించుకోవాలి. దేశీయ ప్రయాణంలో పరిమితి ఇంకా తక్కువ. అందుకే పరిహారాన్ని నమ్ముకోకుండా ఆ పీవీసీ పైపులను నమ్ముకోండి అని నేనూ చెబుతాను.

నల్లగండ్ల బాటసారి
జూన్ 30, రాత్రి 9:00

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ, జరిగింది చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది. నిన్న తిరిగి వచ్చాము.

ముగ్గురం అట్టపెట్టెల్లోనే తీసుకెళ్లాము. నా పెట్టె 17 కిలోల 400 గ్రాములు తూగింది. లేహ్‌లో నా పెట్టె మీద బూటు గుర్తంత పెద్ద నొక్కు ఉంది, సరిగ్గా ఆ చోట లోపల పైపు ముక్క నిలబడి ఉంది. టేపు చీల్చి చూస్తే ఆ పైపు చివర అట్టలోకి నాణెంలా ముద్ర వేసుకుపోయింది కానీ, దానికి రెండు వేళ్ల దూరంలో ఉన్న వెనక చక్రం కమ్మీలకు ఏమీ కాలేదు. మా మిత్రుడొకరు డిరైలర్ విప్పకుండా తెచ్చాడు. అతని హ్యాంగర్ లోపలికి వంగి, చైను పెద్ద పళ్ల చక్రం దాటి కమ్మీలలోకి పడుతుండేది. చక్రధారి గారి మాట విని నేను అతనికి కూడా ఒకటి కొనిపించి ఉంచాను కనుక అరగంటలో మార్చుకున్నాడు. బిగింపు పనిని మేము మొదటి రోజున పెట్టుకోలేదు. ఆ ఎత్తుకు శరీరం అలవాటు పడాలని రెండు రోజులు విశ్రాంతి తీసుకొని, మూడో రోజు తీరికగా చేశాము.

రాబోయేవారి కోసం తిరుగు ప్రయాణం గురించి ఒక మాట రాయాలి. అంత ఎత్తున గాలి పలచన, ఎండ ముదిరితే ఇంకా పలచన, అందువల్ల లేహ్ నుంచి లేచే విమానాలు పూర్తి బరువుతో లేవలేవు. అక్కడి విమానాలు చాలావరకు ఉదయమే ఎగరడానికి అది కూడా ఒక కారణమట. మా మూడు పెట్టెల్లో ఒకటి ఆ రోజు ఎక్కలేదు, మరునాడు శంషాబాద్ చేరింది. సిబ్బంది ముందే మర్యాదగా చెప్పి కాగితం ఇచ్చారు. కాబట్టి తిరిగి వచ్చిన మరునాడే సవారీ ఏదీ పెట్టుకోవద్దు, మందులూ తాళాలూ పెట్టెలో ఉంచవద్దు.

అట్టపెట్టెను లేహ్‌లో మేము దిగిన ఇంటివారు అటక మీద తొమ్మిది రోజులు భద్రపరిచారు. మూలలకు బ్రౌన్ టేపు మళ్లీ వేశాను, ఇంకా గట్టిగానే ఉంది. ఐదు పైపు ముక్కలు, ఫోర్కు అడ్డు, నల్లటి ఇన్సులేషన్ తొడుగులు అన్నీ దానిలోనే ఉన్నాయి. వచ్చే నెల ఎవరైనా వెళ్లేవారు ఉంటే ఇక్కడ ఒక మాట రాయండి, నల్లగండ్లకు వచ్చి తీసుకెళ్లవచ్చు.

కొంపల్లి కొత్త సవారీ
జూన్ 30, రాత్రి 9:25

బాటసారి గారూ, ఆ పెట్టె నాకు కావాలి. బ్యాటరీ లేని మామూలు సైకిల్ కొన్నాను. శనివారం ఉదయం రావచ్చునా?